గ్రిండెల్‌హోఫ్ వీధిలోని బడి

జర్మనీ దేశపు రేవు పట్టణం హాంబుర్గ్‌లో గ్రిండెల్‌హోఫ్ అని ఒక వీధి ఉన్నది. ఆ వీధిలో 30వ నెంబరు భవనాన్ని 1911లో యూదుల ఉన్నత పాఠశాల ఒకదానికోసం కట్టారు. పాఠశాల పేరు తాల్ముద్ తోరా. భవనం కన్న బడి వయస్సు నూరేండ్లకు పైబడి ఎక్కువ. బీద యూద బాలురకు ధర్మగ్రంథాలు చెప్పడానికి మెండెల్ ఫ్రాంక్‌ఫుర్టర్ అనే పండితుడు 1805లో దానిని నెలకొల్పాడు. నాటి నుండి 1942 వరకు ఆ బడిని నడిపిన వారిలో పలువురు రబ్బీలు, అంటే యూద ధర్మాచార్యులు. వారిని గురించి నాకు తెలిసినంత ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట చెప్పుకోవలసినవాడు ఇసాక్ బెర్నాయ్స్. విశ్వవిద్యాలయంలో చదివినవాడు, ఆచారపరుడు. రెండూ ఒకచోట కుదరడం ఆ రోజుల్లో అరుదు. హాంబుర్గ్ యూద సమాజం 1821లో ఆయనను ప్రధాన ధర్మాచార్యుడుగా ఎన్నుకున్నది. తనను 'రబ్బీ' అని పిలవవద్దనీ, జ్ఞాని అనే అర్థం గల 'హఖమ్' అనే బిరుదుతో పిలవాలనీ ఆయన కోరాడు. వేదిక మీద జర్మన్ భాషలో ప్రసంగించాడు. ధర్మశాస్త్రం మాత్రమే చెప్పే బడిలో జర్మన్, భూగోళం, చరిత్ర, ప్రకృతిశాస్త్రం ప్రవేశపెట్టాడు. సంస్కరణవాదులకు ఆయన ఛాందసుడు, ఛాందసులకు సంస్కరణవాది. ఇరుపక్షాలూ ఆయనను అనుమానించాయి. (మనస్తత్త్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ భార్య మార్తా ఈయన మనుమరాలే.) బెర్నాయ్స్ ప్రభావంలో పెరిగినవాడు సామ్సన్ రాఫాయెల్ హిర్ష్. ఇతడు బడి స్థాపకుడైన ఫ్రాంక్‌ఫుర్టర్‌కు మనుమడు కూడా. తోరాతోపాటు లోకవిద్య అనే సూత్రాన్ని పట్టుకొని అతడు 1853లో ఫ్రాంక్‌ఫుర్ట్ నగరంలో మరొక ప్రసిద్ధ పాఠశాల స్థాపించాడు. ఆ సూత్రానికి పుట్టిల్లు హాంబుర్గ్ అని నా అభిప్రాయం.

బెర్నాయ్స్ తరువాత ఆన్షెల్ స్టెర్న్ 1851 నుండి 1888 వరకు ధర్మాచార్యుడుగానూ, బడి పెద్దగానూ ఉన్నాడు. పిమ్మట యోసెఫ్ గోల్డ్‌ష్మిట్ 1889 నుండి 1921 వరకు నడిపాడు. గ్రిండెల్‌హోఫ్ భవనం లేచినది ఈయన కాలంలోనే. వీరి గురించి ఇంతటితో సరిపెట్టి, నేను ఈ వ్యాసం మొదలుపెట్టడానికి కారణమైన మనిషి దగ్గరకు వస్తాను.

యోసెఫ్ కార్లెబాఖ్ 1883లో ల్యూబెక్‌లో పుట్టాడు. తండ్రి సాలొమోన్ ఆ ఊరి రబ్బీ. అదే ఊరివాడైన థామస్ మాన్ తన 'డాక్టర్ ఫాస్టస్' నవలలో ఆ తండ్రిని పేరుతో సహా తలచుకున్నాడు. యోసెఫ్ బెర్లిన్‌లో మాక్స్ ప్లాంక్ వద్ద భౌతికశాస్త్రం చదివాడు. 1905 నుండి రెండేండ్లు యెరూషలేములో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. 1909లో హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చినది. మధ్యయుగపు యూద పండితుడు లెవీ బెన్ గెర్షోన్‌ను గణితవేత్తగా పరిశీలించిన సిద్ధాంత గ్రంథం అది. ధర్మాచార్యుడూ గణితవేత్తా అయిన పూర్వికుణ్ణి ఏరుకోవడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. రబ్బీ పట్టా 1914లో అందుకున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం ఆయనను లిథువేనియాకు పంపినది. తుపాకి పట్టి వెళ్ళినవారు ఎందరో. ఈయన మాత్రం 1915లో కొవ్నో పట్టణంలో యూద పిల్లలకు ఉన్నత పాఠశాల తెరిచాడు. యుద్ధానంతరం లిథువేనియాలో వెలసిన యావ్నే పాఠశాలలకు అది మాదిరి అయినది. 1921లో హాంబుర్గ్ బడి ఆయనను పిలిచినది. బడి అంటే నాలుగు గోడలు కావు అన్నది ఆయన పద్ధతి. కళలు, వ్యాయామం, రోజుల తరబడి సాగే విహారయాత్రలు చదువులో భాగమయ్యాయి. 1926 తరువాత బడి పదవి వదలి ఆల్టోనాకు, 1936లో హాంబుర్గ్‌కు ప్రధాన రబ్బీ అయ్యాడు.

ఆయన స్థానంలో వచ్చినవాడు ఆర్థర్ ష్పీర్. విశ్వవిద్యాలయ ప్రవేశానికి అర్హతనిచ్చే పరీక్ష జరిపే హోదా ఈయన హయాంలో, 1932లో, బడికి లభించినది. మరుసటి ఏడాదే హిట్లర్ అధికారానికి వచ్చాడు. 1938 నవంబరులో ప్రభుత్వ బడుల నుండి యూద పిల్లలను వెళ్ళగొట్టారు. మరుసటి ఏడాది గ్రిండెల్‌హోఫ్ భవనం కూడా చేజారి, బడి బాలికల పాఠశాల ఉన్న కరోలీనెన్ వీధికి మారింది. పిల్లలను ఇంగ్లండుకు చేర్చే ప్రయాణాలలో ష్పీర్ తోడుగా వెళ్ళి, వారిని ఒడ్డున దించి, తాను తిరిగి వచ్చేవాడు. ఆగిపోవడానికి అవకాశం ఉన్న ప్రతిసారీ తిరిగి వచ్చాడు. చివరకు 1940లో అమెరికా వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు.

కార్లెబాఖ్ వెళ్ళలేదు. 1935లో పాలస్తీనా చూసి వచ్చాడు, అక్కడ ఉండిపోలేదు. తొమ్మిదిమంది సంతానంలో పెద్దవారు అయిదుగురిని విదేశాలకు పంపించి, భార్య లోటెతో, చిన్నవారు నలుగురితో హాంబుర్గ్‌లో నిలిచాడు. ఉండిపోయినవాడు గొప్ప, వెళ్ళినవాడు తక్కువ అని కొందరు తూకం వేస్తారు. నాకు ఆ తూకం మీద నమ్మకం లేదు. ష్పీర్ దాటించిన పిల్లలు బ్రతికారు. అయితే దాటలేని పిల్లలతో ఎవరో ఒకరు ఉండవలసి వచ్చింది.

1941 డిసెంబరు 6న కార్లెబాఖ్ కుటుంబాన్ని ఇతర హాంబుర్గ్ యూదులతో కలిపి రీగా దగ్గరి యుంగ్‌ఫెర్న్‌హోఫ్ శిబిరానికి తరలించారు. అది శిథిలమైన ఒక వ్యవసాయ క్షేత్రం, కొట్టాలే నివాసాలు. ఆ చలిలో ఆయన పిల్లలకు పాఠాలు, పెద్దలకు ప్రార్థనలు ఏర్పాటు చేశాడు. కొవ్నోలో, హాంబుర్గ్‌లో చేసిన పనే ఇక్కడా చేశాడు. బల్లలు లేవు, పుస్తకాలు లేవు, అంతే తేడా. 1942 మార్చి 26న ఆయననూ, లోటెనూ, రూత్, నోయెమీ, సారా అనే ముగ్గురు కూతుళ్ళనూ బికెర్నియెకి అడవిలో కాల్చి చంపారు. కొడుకు సాలొమోన్‌ను పనికి పనికివస్తాడని విడిగా ఉంచినందున అతడు మిగిలాడు. తరువాత న్యూయార్కులో రబ్బీ అయి యెషివాలో విద్యార్థులకు బోధించాడు.

బడిని ఆఖరున నడిపినవాడు అల్బెర్తో యోనాస్. 1942 జూన్ 30న జర్మనీ అంతటా యూద బడులు మూతపడ్డాయి. జూలైలో యోనాస్‌ను టెరెజియెన్‌ష్టాట్‌కు పంపారు. ఆగస్టులోనే అక్కడ చనిపోయాడు.

1938లో పదహారేండ్ల వయస్సులో ఒంటరిగా పాలస్తీనా చేరిన మిరియమ్ అనే కూతురు విద్యాశాస్త్రంలో ఆచార్యురాలై, ఇజ్రాయెల్‌లోని బార్-ఇలాన్ విశ్వవిద్యాలయంలో తండ్రి పేరిట పరిశోధన సంస్థ నెలకొల్పినది. ఆమె 2020లో మరణించినది. గ్రిండెల్‌హోఫ్ భవనం 2004లో యూద సమాజానికి తిరిగి దక్కినది. 2007లో అందులో మళ్ళీ పిల్లల బడి తెరిచారు. దానికి యోసెఫ్ కార్లెబాఖ్ పేరు పెట్టారు.