తెలుగు నేల రాళ్లను చదివిన బాటసారులు

తెలుగు ప్రాంతాల రాళ్లనూ శిలాజాలనూ గురించిన తొలి శాస్త్రీయ రచనలు భూగర్భ శాస్త్రమే వృత్తిగా గలవారు చేసినవి కావు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో ఏర్పడే నాటికే ఇక్కడి కొండలు, గనులు, గుహల వివరాలు కలకత్తా, మద్రాసు, లండన్ నగరాల పండిత పత్రికల్లో అచ్చయి ఉన్నాయి. వాటిని రాసినవారిలో ఎక్కువమంది సైనిక వైద్యులూ సైనికాధికారులూ. ఉద్యోగరీత్యా ఊరూరా తిరుగుతూ, దారిలో కనిపించిన రాతిని పరిశీలించి, పొరల వరుసను రాసుకుని, ఆ ఆసక్తి గల ఇతరులతో పంచుకున్నవారు. వారి అభిప్రాయాల్లో చాలావాటిని తరువాతి శాస్త్రం సవరించింది. అయినా ఏది ఏ ఊరి దగ్గర, ఏ పొరలో దొరికిందో వారు నమోదు చేసినందువల్లనే తరువాతి పరిశోధకులు అదే చోటికి తిరిగి వెళ్లి పాత మాటను పరీక్షించగలిగారు.

ఈ వరుసలో మొదటివాడు హెన్రీ వెస్లీ వాయ్‌సీ. విలియం ల్యాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితీయ సర్వేలో వైద్యుడిగా 1818లో చేరిన అతడు, సర్వే బృందంతో పాటు హైదరాబాదు ప్రాంతమంతా తిరిగి అక్కడి శిలల స్వరూపాన్ని నమోదు చేశాడు. 1824లో అతడు మరణించిన తరువాత, మరుసటి ఏడాది, దక్షిణ భారత వజ్రపు గనులపై అతని వ్యాసం వెలువడింది. వజ్రాలు ఇసుకరాతితో కలిసి ఉండే, చిన్న చిన్న రాతి పలుకులు అతుక్కుని గట్టిపడిన ఒక పొరలో దొరుకుతున్నాయని అందులో వివరించాడు. కడప, కర్నూలు శిలలపై 1872లో గ్రంథం వెలువరించిన విలియం కింగ్ ఆ పొరలున్న సముదాయానికి, ఆ గనుల్లో కొన్ని ఉన్న బనగానపల్లె పేరే పెట్టాడు.

కోస్తాలో ఇదే పని చేసిన వైద్యుడు బెంజా. అతడు 1835లో ఉత్తర సర్కారుల మీదుగా సాగించిన ప్రయాణపు విశేషాలు 1837లో మద్రాసు పత్రికలో అచ్చయ్యాయి. రాజమహేంద్రవరానికి సమీపంలోని పంగిడి దగ్గర, లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయితో కలిసి ఉన్న సున్నపురాతిలో గవ్వల శిలాజాలున్న సంగతి వాటిలో ఉంది. నాగపూరులో మతప్రచారకుడిగా పనిచేసిన స్టీఫెన్ హిస్లప్ ఈ ప్రాంతపు గవ్వలను, నాగపూరు గవ్వలతో పోలుస్తూ, 1860లో వర్ణించాడు. పశ్చిమ భారతంలో పుట్టిన లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడిదాకా చేరిందని ఇప్పుడు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అంతేకాక, రాజమహేంద్రవరం క్వారీల్లో కింది లావాకూ పై లావాకూ నడుమ ఉన్న పొరలో, డైనోసార్లు అంతరించిన వెంటనే జీవించిన సూక్ష్మ సముద్ర జీవుల గుల్లలు దొరకడంతో, 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ వినాశనానికీ లావా ఉద్గారాలకూ గల సంబంధాన్ని పరిశీలించడానికి ఈ క్వారీలు ప్రపంచానికే ముఖ్యమైన చోటయ్యాయి.

గోదావరికి ఎగువన, ప్రాణహిత నది వచ్చి కలిసే ప్రాంతంలో కథ చేపలతో మొదలైంది. నేటి మహారాష్ట్రలోని కోట గ్రామం దగ్గర సున్నపురాతి పలకల్లో దొరికిన, మెరిసే గట్టి పొలుసులు గల ఒక చేప శిలాజాన్ని 1851లో సైక్స్, ఎగర్టన్ లండన్ పత్రికలో ప్రకటించారు. అక్కడ నేలను తొలిచి చూసిన వైద్యుడు బెల్ ఆ పొరల వివరాలను తరువాతి రెండేళ్లలో అందించాడు. ఆ పొరలు జురాసిక్ యుగానివని, అంటే డైనోసార్లు విస్తరించిన మధ్యజీవ మహాయుగపు నడిమి భాగానివని నిర్ణయించడానికి ఆ చేపలే తొలి ఆధారం. నదికి ఇవతల, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మాలేరి ఎర్రమట్టిలో దొరికిన ఎముకలు ఇంకా పాతవి. వాటిలో హైపరోడాపెడాన్ అనే, పక్షి ముక్కు లాంటి ముక్కు గల శాకాహార సరీసృపం ఉందని, స్కాట్లండ్‌లో దొరికినదీ అదే ప్రజాతి అని జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ 1869లో గుర్తించడంతో, మాలేరి పొరలు ట్రయాసిక్ యుగానివని తేలింది.

నమోదు విలువ అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది కర్నూలు గుహల చరిత్రలో. బేతంచెర్ల నాపరాతి కొండల్లోని బిల్లస్వర్గం గుహల్లో మట్టితో కలిసి గట్టిపడిన ఎముకలున్నాయని సైనికాధికారి థామస్ న్యూబోల్డ్ 1844లో రాశాడు. నలభై ఏళ్ల తరువాత, హక్స్‌లీ సూచనను మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ మన్నించడంతో, సర్వేక్షణ సంస్థకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, అతని తరువాత అతని కుమారుడు హెన్రీ, ఆ గుహల్లో తవ్వకాలు జరిపారు. అంతరించిన ఒక ఖడ్గమృగంతో సహా అనేక జంతువుల ఎముకలను రిచర్డ్ లిడెకర్ 1886లో వర్ణించాడు. మనుషులు చెక్కిన ఎముక పనిముట్లు కూడా దొరికాయని ఫుట్ ప్రకటించాడు గాని, అవి తరువాతి కాలంలో కనబడకుండా పోయాయి. వస్తువులు లేకపోవడంతో ఆ మాట చాలాకాలం సందేహంగానే మిగిలింది. 1970లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి ఆ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి అనే గుహను తవ్వి, పాతరాతి యుగపు చివరి దశకు చెందిన ఎముక పనిముట్లను బయటికి తీసినప్పుడు ఫుట్ మాటకు బలం చేకూరింది. వస్తువులు పోయినా చోటు పేరు మిగిలి ఉండడమే ఇందుకు దోహదం చేసింది.

కోట పొరల విషయంలోనూ ఇదే జరిగింది. కలకత్తాలోని భారత గణాంక సంస్థ పరిశోధకులు, 1957లో లండన్ నుంచి వచ్చిన పురాజీవ శాస్త్రవేత్త పమేలా రాబిన్‌సన్ ప్రోత్సాహంతో, పూర్వపు రచనలు సూచించిన ప్రాణహిత–గోదావరి లోయలో వెదికి, సిరోంచా ప్రాంతపు పోచంపల్లి దగ్గర సుమారు 300 ఎముకలు సేకరించారు. అవి ఒక డైనోసార్‌వి. తవ్వకాలు సాగిన నాటి రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరాన్ని పురస్కరించుకుని దానికి 1975లో బారాపాసారస్ ఠాగోరీ అని పేరు పెట్టారు. ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన మరో పొడవు మెడ డైనోసార్‌కు సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశాడు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలిచి ఉంది. పొరకు పేరిచ్చిన కోట, ఎముకలను ఇచ్చిన యామన్‌పల్లి, రెండు పల్లెల పేర్లూ ఆ శాస్త్రనామంలో స్థిరపడ్డాయి.

ఇప్పుడు తిరుమల శిలాతోరణాన్నీ, విశాఖ సమీపపు ఎర్రమట్టి దిబ్బలనూ, 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలనూ చూసేవారి సంఖ్య ఆనాటి బాటసారులు ఊహించలేనిది. ఆసక్తికి కొదవ లేదు, తగ్గింది రాసిపెట్టే అలవాటే. జేబులో వేసుకుని తెచ్చిన శిలాజం, దొరికిన చోటూ పొరా తెలియకపోతే, అలంకారానికి తప్ప అధ్యయనానికి పనికిరాదు. కనుక శిలాజం కనిపించినవారు దాన్ని కదిలించకుండా, పక్కన కొలబద్ద ఉంచి ఫొటో తీసి, ఊరి పేరూ తేదీ రాసుకుని, దగ్గరి విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్ర విభాగానికి గాని సర్వేక్షణ సంస్థ హైదరాబాదు కార్యాలయానికి గాని తెలియజేయడం అవసరం.