ఒక పేరు, రెండు ప్రాణాలు

అమరకోశంలో శైలేయమనే ద్రవ్యానికి అశ్మపుష్పమని ఒక పర్యాయపదమున్నది. మసాలాలో వేసే రాతిపువ్వు అదేనని ఆయుర్వేదజ్ఞులు చెబుతారు. పేరుకు పువ్వే గాని అది పువ్వు కాదు, లైకెన్. దానికి కోశంలో ఇన్ని పేర్లు దక్కినా, రెమ్మల మీద, ఆకుల మీద అంటుకొని ఉండే దాని చిన్న బంధువులను మాత్రం మనం మచ్చ అనో, బూజు అనో సరిపెట్టుకుంటాము.

నామకరణంలో పాశ్చాత్యులు కూడా చాలాకాలం తడబడ్డారు. స్వీడన్ దేశీయుడు లినేయస్ 1753లో ఇంచుమించు 80 లైకెన్లను ఒకే ప్రజాతిగా చేసి శైవలాల పంక్తిలో కూర్చోబెట్టాడు. ఆయన శిష్యుడు, వైద్యుడు అయిన ఎరిక్ అకారియస్ 1803లో వాటిని అనేక ప్రజాతులుగా విడదీశాడు. ఫ్రాన్సులో ఫే అనే ఔషధశాస్త్రజ్ఞుడు మందుల కోసం దిగుమతి అయ్యే సింకోనా వంటి చెక్కలను పరిశీలించి, వాటి మీది లైకెన్లను వర్ణిస్తూ 1824లో ఒక గ్రంథం ఆరంభించాడు. అంగడికి వచ్చిన బెరడే ఆయనకు అరణ్యమైనది!

అయితే వీరందరూ లైకెన్ ఒకే ప్రాణి అనుకున్నారు. స్విట్జర్లాండుకు చెందిన ష్వెండనర్ 1867లో, అది ఒకటి కాదు, శిలీంధ్రమూ శైవలమూ కలసిన జంట అన్నాడు. శిలీంధ్రం యజమాని, శైవలం బానిస అని ఆయన ఉపమానం. నైలాండర్ వంటి ఉద్దండులు దీనిని తీవ్రంగా ఖండించారు. జీవితమంతా ధారపోసి వర్గీకరించిన జాతులు అసలు జాతులే కావంటే ఎవరు సహిస్తారు?

ఈ వివాదంలో ఒక ఆకు సాక్ష్యం చెప్పింది. కాఫీ తోటలను నాశనం చేస్తున్న తెగులును పరిశోధించడానికి మార్షల్ వార్డ్ 1880లో సింహళానికి వచ్చి రెండేళ్లు ఉన్నాడు. అక్కడి ఆకుల మీద స్ట్రిగులా అనే చిన్న లైకెన్ ఆయన కంటబడింది. మొదట ఆకు పైపొర కింద నారింజవన్నె శైవలం ఒంటరిగా పెరుగుతుంది. దానిని శిలీంధ్రపు పోగులు చేరి అల్లుకుంటే అదే లైకెన్‌గా మారుతుంది. ఈ క్రమాన్ని వార్డ్ 1884లో ప్రకటించాడు. కాఫీని ఆయన రక్షించలేకపోయాడు. సింహళం తేయాకుకు మళ్లింది. కాని ఆ ఆకుమచ్చ ష్వెండనర్ పక్షానికి బలమిచ్చింది. ఆ శైవలమే మన మామిడి ఆకుల మీద కూడా మచ్చలు వేస్తుంది.

ఆకు లైకెన్లను సమగ్రంగా క్రమబద్ధం చేసినవాడు స్వీడన్ దేశపు రోల్ఫ్ సాంటెసన్. 1952 నాటి ఆయన గ్రంథం వాటిని శిలీంధ్రాల వర్గీకరణలోనే చేర్చింది. నేడు అటువంటివి 800కు పైగా తెలుసు. లైకెన్‌కు పెట్టిన పేరు శాస్త్రనియమం ప్రకారం అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. శైవలానికి దాని పేరు వేరు.

వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక నాకు ఇక్కడ ఏకశేషం స్ఫురిస్తుంది. సంస్కృతంలో ‘పితరౌ’ అంటే తల్లిదండ్రులిద్దరూ. పైకి నిలిచినది తండ్రి పదమే, అర్థంలో తల్లి కూడా ఉన్నది. లైకెన్ విషయంలో శాస్త్రం ఇంకా కఠినం: పేరులోనే కాక అర్థంలో కూడా శైవలాన్ని వదిలివేసింది. ఎండను ఆహారంగా మార్చి ఇద్దరినీ పోషించేది ఆ శైవలమే! నియమానికి సౌలభ్యం అవసరమే, కాదనను. కాని పేరు నిలిచినవాడే ఇల్లు నడిపినవాడని అనుకోవడం శాస్త్రంలోనూ, సంసారంలోనూ పొరపాటే.

రాతిమీది లైకెన్ శతాబ్దాలు జీవించగలదు. ఆకుమీది దానికి ఆకు రాలేవరకే గడువు. ఆ కొద్దికాలంలోనే అది పెరిగి, ఫలించి, మరొక ఆకును చేరుకోవాలి. చదువరులు ఈసారి ఆకుమీద మచ్చ కనిపిస్తే తుడిచివేసే ముందు, ఒక భూతద్దం తెచ్చుకొని చూడవలసిందిగా మనవి.