పరీక్ష పత్రంలో వాడుక తెలుగు

పరీక్ష రాసే విద్యార్థి "వస్తున్నాడు" అని రాయాలా, "వచ్చుచున్నాడు" అని రాయాలా? ఈనాడు మీకిది అడగవలసిన ప్రశ్నలాగే తోచదు. నూరేళ్ల పైచిలుకు క్రిందట మద్రాసు విశ్వవిద్యాలయంలో దీనిమీద పెద్ద వివాదమే నడిచింది.

1857లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం నియమాలే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా రాజధానిలోని తెలుగువారికి వర్తించేవి. పర్లాకిమిడిలో చదివినా, బళ్లారిలో చదివినా, చెన్నపట్నంలో చదివినా ఒకే కొలబద్ద. ఈ మూడు ఊళ్లూ ఇప్పుడు మూడు వేరువేరు రాష్ట్రాల్లో ఉన్నాయి. అందుచేత ఇది మన ఇంటి కథే.

ఇంటర్మీడియట్ విద్యార్థులు తెలుగులో వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు, ఏ తెలుగులో రాయాలన్న సమస్య తలెత్తింది. విశ్వవిద్యాలయం ఒక ఉపసంఘాన్ని వేసింది. గ్రాంథికం పక్షాన జయంతి రామయ్య పంతులు, వేదం వేంకటరాయశాస్త్రి వంటి పెద్దలు నిలిచారు. నియమం సడలితే భాష చెదిరిపోతుందనీ, పూర్వకావ్యాలు పిల్లలకు దూరమవుతాయనీ వారి భయం. అది తోసిపుచ్చదగిన భయం కాదు.

వాడుక భాష పక్షాన గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి నిలిచారు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. వాడుక తెలుగు కోసం చేసిన అంత పెద్ద వాదన ఇంగ్లీషులో రాయవలసి రావడం ఆ కాలపు చిత్రం! గిడుగువారు పర్లాకిమిడిలో చరిత్ర బోధించేవారు. సవరలకు చదువు చెప్పాలని వారి భాష నేర్చుకుని, అందులోనే పుస్తకాలు రాశారు. పిల్లవాడికి వాడి నోటి మాటలోనే చదువు అందుతుందని అక్కడ గ్రహించారు. ఆ వెలుగులో తెలుగును చూశారు. గ్రాంథికం కావాలనే పండితులే అందులో తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని, వారి రచనలనే ముందుపెట్టి నిరూపించారు.

అయినా అప్పటికి విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. గురజాడ 1915లో కన్నుమూశారు. గిడుగు మాత్రం ఆగలేదు. 1919లో "తెలుగు" అనే పత్రిక నడిపారు. ఊరూరా తిరిగి ఉపన్యసించారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న మరణించారు. విశ్వవిద్యాలయాలు వాడుక భాషకు పూర్తిగా తలుపులు తెరిచింది ఆ తరువాతనే. నేడు పరిశోధన గ్రంథాలు సైతం అందులోనే వస్తున్నాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. గిడుగువారు కోరినది చదువుకున్నవారి వాడుక, అంటే శిష్ట వ్యావహారికం. హోసూరు మాట, బరంపురం మాట, బళ్లారి మాట ఆ గీతకు అవతలే ఉండిపోయాయి. మన పిల్లలు బంధువుల ఇళ్లకు వెళితే "ఇదేం తెలుగు?" అని నవ్వేవారు ఇంకా ఉన్నారు. ఆ నవ్వుకు మీ పిల్లవాడు తల వంచుకుని మాట మానేస్తే, ఇంట్లో తెలుగు ఆ తరంతోనే ఆగిపోతుంది. వాడుకలో ఉన్న మాట తప్పు కాదని ఒక చరిత్ర ఉపాధ్యాయుడు జీవితమంతా వాదించాడని వాడికి చెప్పండి. ఆ వాదన పుట్టింది రాష్ట్రం వెలుపల మిగిలిపోయిన మనవంటి ఊళ్లోనేనని కూడా చెప్పండి.