ఆరుబయట నిలబెట్టిన ఫెరారీ

పాత స్పోర్ట్స్ కారు కొని ఉంచుకుంటే మంచి పెట్టుబడేనా అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నేను ఆడిటర్ని. మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగించే షెడ్డు ఉండేది. బండి విలువ కాగితం మీద ఎలా తగ్గుతుందో ఆఫీసులో చూశాను, ఇనుములో ఎలా అరిగిపోతుందో షెడ్డులో చూశాను. అందుకే అడిగినవాళ్లకి శాతాలు చెప్పేముందు ఒక్క బండి చరిత్ర చెబుతాను. ఫెరారీ 250 జీటీఓ.

ఇటలీలోని మారనెల్లోలో 1962 నుంచి 1964 దాకా తయారైనవి 36. పోటీల నిబంధన ప్రకారం 100 కట్టాలి. ఇది కొత్త బండి కాదు, పాత 250 జీటీకే మెరుగులు దిద్దామని ఎన్జో ఫెరారీ వాదించి నెగ్గాడు. పని మొదలుపెట్టిన ఇంజనీరు జ్యోట్టో బిజ్జారీనీ 1961 చివర్లో కంపెనీ వదిలి వెళ్లిపోతే, ముప్పై కూడా నిండని మౌరో ఫోర్గియేరి మిగతాది పూర్తి చేశాడు. స్కాలియెట్టి షెడ్డులో పనివాళ్లు అల్యూమినియం రేకును చేత్తో కొట్టి బాడీలు కట్టారు. మూడు లీటర్ల ఇంజన్, 12 సిలిండర్లు, 300 గుర్రాల శక్తి. మూడేళ్లు వరసగా తన తరగతి చాంపియన్‌షిప్పు ఫెరారీకే తెచ్చిపెట్టింది. అమెరికాలో కొత్తబండి ధర 18,000 డాలర్లు.

ఆ తర్వాత ఏమైందో చూడండి. ఇంజన్ డ్రైవరు వెనక్కి జరిగిన కొత్త రకం రేసు బండ్లు వచ్చేశాయి, జీటీఓ పోటీలకు పనికిరాకుండా పోయింది. ఇంటి వాడకానికా, లోపలంతా రొద, వేడి. ఓడిపోయే రేసు బండి ఎవరికి కావాలి? 1960ల చివర్లో కొన్న ధరలో సగానికి అడిగినా బేరం తెగని రోజులు. టెక్సాస్‌లో ఒక జీటీఓని నడిపిన రోజ్‌బడ్ రేసింగ్ టీమ్ దాన్ని విక్టోరియా అనే ఊళ్లోని హైస్కూలుకు దానంగా ఇచ్చేసింది. మెకానిక్ పని నేర్చుకునే పిల్లలు దాని మీద చెయ్యి తిప్పుకున్నారు. 1972లో బడివాళ్లు దాన్ని 6,500 డాలర్లకు అమ్మేశారు. కొన్నాయన ఒహాయో తీసుకెళ్లి ట్రైలర్ మీద పెట్టి ఆరుబయట వదిలేశాడు. వానకి తడిసి, మంచుకి నాని, పదేళ్లకు పైగా అలాగే ఉండిపోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది. చేత్తో కొట్టిన ఆ రేకు మీద అన్ని శీతాకాలాలు!

ఈ గడ్డుకాలమే అసలు కథ అని నా నమ్మకం. ధర లేని ఆ పదిహేనేళ్లలో కొందరు పిచ్చిగా ప్రేమించి ఈ బండ్లను బతికించారు. విడిభాగాలు వెతికి తెచ్చారు, ఛాసిస్ నంబరు పట్టుకుని ఏ బండి ఏ రేసులో ఎవరి చేతిలో నడిచిందో కూపీ లాగారు. ఫ్రాన్స్‌కి చెందిన జెస్ పూరే 1977లో 250 జీటీ రేసు బండ్ల మీద ఒక పెద్ద పుస్తకమే వేశాడు. దస్తావేజు లేని పొలానికి ధర పలకదు కదా. బండికి లింకు డాక్యుమెంట్లు రాసిపెట్టింది ఈ అభిమానులే, వ్యాపారులు కాదు. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మరు నిక్ మేసన్ 1970ల చివర్లో జీటీఓ కొన్నప్పుడు 37,000 పౌండ్ల దాకా పెట్టాడంటారు. అప్పటికి అది చాలా ఎక్కువే. దాన్ని తాళం వేసి దాచుకోలేదు, రేసుల్లో నడిపాడు.

డబ్బు దృష్టి ఈ బండ్ల మీద పడింది 1987లో. అక్టోబరులో ప్రపంచమంతా షేర్లు కూలాయి. నవంబరులో లండన్ ఆల్బర్ట్ హాల్లో క్రిస్టీస్ వాళ్ల వేలంలో బుగాటీ రొయాల్ అనే పాత కారు ఒకటి 55 లక్షల పౌండ్లు పలికింది. కాగితం మీద నమ్మకం పోయినవాళ్లకి చేత్తో తాకదగిన వస్తువు కావాలి. 1988 ఆగస్టు 14న ఎన్జో ఫెరారీ కన్నుమూశాడు. ఆయన చేతి మీదుగా వచ్చిన బండ్లు ఇంక పుట్టవన్న మాట పాకింది. 1989 ప్రాంతంలో జీటీఓ ధర కోటీ 30 లక్షల డాలర్లు దాటింది. జపాన్‌లో భూముల మీద అప్పు తెచ్చినవాళ్లు కూడా ఫెరారీలు కొన్నారు. జాగ్వార్ కంపెనీ ఎక్స్‌జే 220 ప్రకటిస్తే 50,000 పౌండ్ల అడ్వాన్సు కట్టడానికి జనం పోటీపడ్డారు. మర్నాడు ఇంకొకరికి అమ్ముకుందామన్న లెక్కతో కట్టినవాళ్లే అందులో చాలామంది.

1990లో వడ్డీలు పెరిగాయి, టోక్యో మార్కెట్ కూలింది. జాగ్వార్ బండి చేతికొచ్చే వేళకి చాలామంది వద్దన్నారు, వ్యవహారం కోర్టుకెక్కింది. 1990ల మధ్యకి జీటీఓ 30 లక్షల డాలర్ల దరిదాపులకు దిగింది. అప్పు తెచ్చి కొన్నవాడికి ఆగే వీలుండదు. అతనికి బ్యాంకు గడువే కనిపిస్తుంది.

ఇప్పుడు నా వృత్తి లెక్క చెబుతాను. 1962లో 18,000 పెట్టి, 2018లో ఇదే రకం బండి వేలంలో పలికిన 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్మితే ఏడాదికి చక్రవడ్డీ దాదాపు 15 శాతం. వినడానికి అద్భుతం. అదే 1989లో కోటీ 30 లక్షలకు కొన్నవాడు 2014లో మరో జీటీఓ పలికిన 3 కోట్ల 81 లక్షల ధరకు అమ్మాడనుకుందాం. నాలుగున్నర శాతం కూడా రాదు. ఇందులోంచి పాతికేళ్ల బీమా, గ్యారేజీ, ఇంజన్ పని, వేలం కమీషను తీసెయ్యాలి. పైగా ఇవి మొత్తం 36 బండ్ల లెక్కలు. ఆ రోజుల్లో వేలల్లో తయారై తుక్కులోకి పోయిన స్పోర్ట్స్ కార్లు ఏ వేలం పట్టికలోనూ కనిపించవు. పన్ను సంగతీ ఒకటుంది. బ్రిటన్‌లో కారును అరిగిపోయే ఆస్తిగా చూస్తారు, అమ్మితే వచ్చిన లాభం మీద మూలధన పన్ను ఉండదు. మన చట్టంలోనూ సొంత వాడకానికి ఉంచుకున్న కారు మూలధన ఆస్తి కిందకు రాదు. పెరుగుతుందని చట్టాలు ఎన్నడూ అనుకోలేదు కనకే పన్ను వెయ్యలేదు.

2018లో మాంటెరే వేలంలో 4 కోట్ల 84 లక్షలకు అమ్ముడైన ఆ బండి సంగతి కూడా చెప్పాలి. 1962లో ఎదోఆర్దో లువాల్దీ గబార్దీ అనే ఇటలీవాడు దానితో పది పోటీల్లో దిగి తొమ్మిదింట్లో తన తరగతిలో గెలిచాడు. మైక్రోసాఫ్ట్‌లో మొదట్లో చేరిన గ్రెగ్ విట్టెన్ 2000లో దాన్ని కొన్నాడు. ధరలు 1989 నాటి ఎత్తుకు ఇంకా చేరని సమయం. పాత బండ్ల రేసుల్లో, యాత్రల్లో నడుపుతూ ఇంచుమించు పద్దెనిమిదేళ్లు ఉంచుకుని, ఆ తర్వాతే వేలానికి పెట్టాడు.