చచ్చిన గొడ్డు ఎవరిది?

మా తాత పటేలు ఇంట్ల జీతగాడు. పసులను మేపుడు, పేడ తీసుడు, సూడి బర్రె పక్కన రాత్రంతా కావలి పండుడు ఆయన పని. బతికినన్ని రోజులు గొడ్డు పటేలుది. చచ్చినంక మాదిగలది. ఈడ్చేది మేమే, తోలు తీసేది మేమే. ఆ తోలును లందలో తంగేడు చెక్కతో ఊనబెట్టి, మోటబొక్కెనలు, చెప్పులు చేసి మళ్ళా పటేలుకే ఇచ్చేది. నీళ్లు తోడే బొక్కెన మా చేతిది. ఆ బావి నీళ్లు మాత్రం మేం ముట్టొద్దు.

1970లలో పటాన్‌చెరుకు ఫ్యాక్టరీలొచ్చినయి. మందుల కంపెనీల, రసాయనాల కంపెనీల మురికినీళ్లు నక్కవాగులో కలిసి మంజీర దాకా పోయినయి. వాగు నీళ్లు తాగిన పసులు చచ్చినయి. అంతకుముందు రోగంతో చచ్చిన గొడ్డైనా కూరకో తోలుకో అక్కరకొచ్చేది. విషం తాగినదాన్ని మా వాడోళ్లు ముట్టలేదు. ఈడ్చే పని మాత్రం తప్పలేదు. చచ్చిన గొడ్డు మాంసం మానుమని అంబేద్కర్ 1927లో మహాద్‌లో చెప్పిండు. ఆయన ఆత్మగౌరవం కోసం మానుమన్నడు. మావాళ్లతోని మాన్పించింది కంపెనీల విషం.

డాక్టర్ కిషన్‌రావు లాంటోళ్లు కొట్లాడిన్రు. 1990లో సుప్రీంకోర్టుకు కేసు పోయింది. పాడైన పొలాలకు పరిహారం ఎకరాల లెక్కన కట్టిన్రు. గుంట భూమి లేని జీతగాడు ఏ లెక్కలకొస్తడు? పసులు చస్తే ఆయన మేపుడు పని పోయింది. దానికి కాయితం లేదు.

ఇప్పుడు నేను సర్కారు బడిల పంతులును. ఆవు మనకు పాలిస్తుందని పాఠంలో ఉంటది. ‘మనకు’ అంటే ఎవరికని పిల్లలను అడుగుత. మేపింది ఎవరు, మోసింది ఎవరు అని కూడా అడుగుత.