కారణం తెలియని అక్యూట్ పాంక్రియాటైటిస్: ఇమేజింగ్ పద్ధతుల తులనాత్మక పరిశీలన

క్లోమానికి హఠాత్తుగా వచ్చే వాపు, అంటే అక్యూట్ పాంక్రియాటైటిస్‌కు, ఎక్కువ మందిలో కారణం పిత్తాశయంలోని రాళ్లు లేదా మద్యం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 1,000 మిల్లీగ్రాములు దాటడం, కాల్షియం పెరగడం, కొన్ని రకాల మందులు ఆ తర్వాత వస్తాయి. రోగి చెప్పిన వివరాలు, రక్తపరీక్షలు, పొట్ట అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్ అన్నీ చూశాక కూడా కారణం తేలనివి 10 నుంచి 30 శాతం దాకా ఉంటాయి. వీటిని ఇడియోపతిక్ కేసులు అంటారు. కారణం తేలకపోతే జబ్బు తిరగబెట్టే ముప్పు అలాగే ఉంటుంది. పదేపదే వచ్చే వాపు క్లోమాన్ని శాశ్వతంగా దెబ్బతీస్తుంది.

పొట్ట అల్ట్రాసౌండ్ మామూలుగా పిత్తాశయ రాళ్లను బాగా పట్టిస్తుంది. కానీ నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో పేగులు కదలక గాలి నిండుతుంది. ఆ గాలి ధ్వని తరంగాలకు అడ్డుపడుతుంది. పిత్తనాళం కింది భాగమైతే అసలే సరిగా కనిపించదు. కాబట్టి మొదటిసారి రాళ్లు కనపడనంత మాత్రాన అవి లేవని తేల్చకూడదు. కాలేయ పరీక్షల్లో ఏఎల్‌టీ 150 యూనిట్లు దాటి ఉంటే రాళ్ల మీద అనుమానం మరింత బలపడుతుంది. వాపు తగ్గాక ఇదే పరీక్షను మళ్లీ చేస్తే కొందరిలో విషయం బయటపడుతుంది. చవకైన ఈ పరీక్షను దాటవేసి నేరుగా ఖరీదైన వాటికి వెళ్లడం సరికాదు. దీనితో రాళ్లే కాక ఇతర కారణాలూ దొరకవచ్చు: కాశ్మీర్‌లో ఏలికపాములు నాళాల్లోకి దూరి పాంక్రియాటైటిస్ తెచ్చిన కేసులు ఎన్నో నమోదయ్యాయి. నాళంలో కదిలే పామును అల్ట్రాసౌండ్ చూపించగలదు.

సీటీ బలం వేరే చోట ఉంది. క్లోమం ఎంత మేర చచ్చుబడింది, చుట్టూ ద్రవం ఎంత చేరింది అన్నవి అది చక్కగా చూపిస్తుంది. కొలెస్టరాల్ రాళ్ల సాంద్రత పైత్యరసం సాంద్రతకు దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం అవి సీటీకి చిక్కవు.

ఇలా దొరకకుండా మిగిలిన కేసుల్లో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, అంటే ఈయూఎస్, బాగా అక్కరకొస్తుంది. గొట్టం కొసన అమర్చిన అల్ట్రాసౌండ్ పరికరాన్ని నోటి ద్వారా జీర్ణాశయంలోకి, అక్కడి నుంచి ఆంత్రమూలంలోకి దించుతారు. క్లోమం, పిత్తనాళం అక్కడికి ఆనుకునే ఉంటాయి కనుక పేగుల్లోని గాలి బెడద చాలావరకు తప్పుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలను వాడే వీలు కలుగుతుంది. పిత్తాశయం అడుగున పేరుకున్న బురద లాంటి పదార్థం, 3 మిల్లీమీటర్ల లోపు రాళ్లు మెరిసే చుక్కలుగా కనిపిస్తాయి. క్రానిక్ పాంక్రియాటైటిస్ తొలి లక్షణాలు, సీటీకి అందని చిన్న కణితులు కూడా దొరుకుతాయి. 40 ఏళ్లు దాటిన రోగిలో కణితి సంగతి తప్పకుండా తేల్చుకోవాలి. అనుమానం వస్తే అదే పరీక్షలో సూదితో ముక్క తీయవచ్చు. అయితే ఇదంతా పరీక్ష చేసేవారి అనుభవం మీద ఆధారపడుతుంది. మత్తు ఇవ్వాలి. వాపు పూర్తిగా తగ్గకముందే చేస్తే వాపు మాటున కణితి కప్పబడిపోవచ్చు. కాబట్టి కొన్ని వారాలు ఆగి చేయడం మేలు.

ఎంఆర్‌ఐతో పిత్త, క్లోమ నాళాలను చిత్రించే ఎంఆర్‌సీపీకి మత్తు అక్కర్లేదు, రేడియేషన్ ఉండదు. నాళాల్లో నిలిచిన ద్రవమే తెల్లగా కనిపించి నాళాల అమరికను చూపిస్తుంది. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లను ఇది తరచు వదిలేస్తుంది. నాళాల నిర్మాణ లోపాల విషయంలో మాత్రం దీనిదే పైచేయి. సెక్రెటిన్ హార్మోన్‌ను నరంలోకి ఎక్కించి తీస్తే చిత్రం మరింత స్పష్టమవుతుంది. క్లోమరసం ఊరి, కొద్ది నిమిషాల్లోనే నాళం వెడల్పవుతుంది. ఆరోగ్యవంతుల్లో అది సుమారు 10 నిమిషాలకల్లా మామూలు స్థితికి వస్తుంది. క్లోమంలోని రెండు నాళాలు పుట్టుకతోనే కలవకుండా ఉండిపోయే పాంక్రియాస్ డివిజమ్‌ను గుర్తించడానికి ఇది అనువైన పద్ధతి. కాకపోతే ఈ లోపం జనాభాలో 5 నుంచి 10 శాతం మందిలో ఉంటుంది, వారిలో అత్యధికులకు ఏ జబ్బూ రాదు. అందుచేత స్కాన్‌లో అది కనిపించగానే కారణం దొరికిందని అనుకోవడం తొందరపాటు. సెక్రెటిన్ ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు.

2018లో వెలువడిన ఒక మెటా అనాలిసిస్ ప్రకారం ఈయూఎస్ 64 శాతం మందిలో, ఎంఆర్‌సీపీ 34 శాతం మందిలో కారణాన్ని పట్టాయి. 2023లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనంలో ఈయూఎస్ ఫలితం సుమారు మూడో వంతుకే పరిమితమైంది. దొరికిన వాటిలో ఎక్కువ భాగం పిత్తాశయ సంబంధమైనవే. ముందు ఏయే పరీక్షలు చేశారన్న దాన్నిబట్టి ఈ అంకె మారుతుంది. పిత్తాశయం తొలగించిన రోగుల్లో ఈయూఎస్‌కు దొరికేవి తగ్గుతాయి కనుక, అక్కడ ఎంఆర్‌సీపీ విలువ పెరుగుతుంది.

ఎండోస్కోప్ ద్వారా నాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే ఈఆర్‌సీపీ ప్రక్రియే పాంక్రియాటైటిస్ తెచ్చిపెట్టగలదు. రోగ నిర్ధారణ కోసమే దాన్ని చేయడం నేటి వైద్యంలో సమర్థనీయం కాదు. స్కాన్లన్నీ మామూలుగా ఉన్న యువకుల్లో జన్యుపరీక్ష ఆలోచించాలి. దక్షిణ భారతంలో కనిపించే ట్రాపికల్ కాల్సిఫిక్ పాంక్రియాటైటిస్‌కు, స్పింక్1 జన్యువులోని మార్పుకు ఉన్న సంబంధాన్ని వెలికితీసిన పరిశోధనల్లో హైదరాబాద్ శాస్త్రవేత్తల పాత్ర ఉంది.

పిత్తాశయం ఉన్న రోగికి ముందు మళ్లీ అల్ట్రాసౌండ్, వాపు తగ్గాక ఈయూఎస్, అప్పటికీ తేలకపోతే వీలైతే సెక్రెటిన్‌తో ఎంఆర్‌సీపీ: ఇప్పుడున్న ఆధారాల మేరకు సమంజసమైన వరుస ఇదే.