గజ్జి

కంటికి ఆనని సార్కాప్టిస్ స్కేబియై పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వచ్చే అంటువ్యాధి. వేళ్ల సందుల్లో పొక్కులు, రాత్రిళ్లు ఎక్కువయ్యే దురద దీని గుర్తులు. ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా అన్న పాతకాలపు ప్రశ్నకు 2020 అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాల్లోనూ చోటు దక్కింది. పురుగు సూక్ష్మదర్శినిలోనో డెర్మోస్కోపులోనో కనబడితే ఇక సందేహం లేదు.

చికిత్సకు పెర్మెత్రిన్ పూత, ఐవర్‌మెక్టిన్ మాత్ర ఉన్నాయి. 2015లో వెలువడిన ఫిజీ దీవుల పరిశోధన రోగిని వదిలి ఊరిని పట్టుకుంది. దాదాపు ఊరంతటికీ మాత్ర ఇచ్చినచోట (చిన్నపిల్లలకు, గర్భిణులకు పూతే) ఏడాదిలో గజ్జి 32.1 శాతం నుంచి 1.9కి దిగింది, రోగులకూ వారితో మెలిగేవారికీ మాత్రమే పూత ఇచ్చినచోట 18.8 శాతం మిగిలింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది.